పాటకి పట్టా ఎవరి పేరున?

2017 మార్చిలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. సినిమాల్లో పాడడం మొదలుపెట్టి యాభై ఏళ్ళయిన సందర్భంగా తలపెట్టిన పర్యటన అది. ఆ సమయంలో ఇళయరాజా తరఫు లాయరు నుంచి ఆయనకీ, చిత్రకీ, చరణ్‌కీ, నిర్వాహకులకీ నోటీసు అందింది. అనుమతి లేకుండా ఇళయరాజా బాణీలు వేదికలమీద పాడకూడదని దాని సారాంశం. బాలు ఆ సంగతి ఫేస్‌బుక్‌లో చెప్పుకున్నారు. ఇలాంటి చట్టం ఒకటుందని తనకి తెలీదనీ, ఉన్నదే అయితే కట్టుబడతాననీ, ఇక మిగతా సంగీతదర్శకుల పాటలతో కార్యక్రమాలు జరుపుతాననీ రాశారు.

ఆ వారం తెలుగువాళ్ళు రెండు జట్లయిపోయారు. బాలు పాడకపోతే ఆ పాటలు ఎవరికి గుర్తుండేవి అన్నది ఒక జట్టు. రాజా బాణీ కట్టకపోతే బాలు ఏం పాడేవాడు అన్నది రెండో జట్టు. ఈ రెండు మాటల మధ్య ఇద్దరు మనుషులు కనబడకుండా పోయారు. ఒకరు పాట రాసినాయన. ఆ జంట తెలుగు పాటల్లో ఎన్నో వేటూరి రాసినవి. ఆయన పోయి అప్పటికి ఏడేళ్ళు కావస్తోంది. రెండోవాడు నిర్మాత, లేదా అతని దగ్గర పాటల హక్కులు కొనుక్కున్న కంపెనీ. చిత్రమేమిటంటే, మన దేశంలో సినిమా పాట చరిత్రలో ఎక్కువకాలం ఆస్తి అనుభవించినది ఆ ఎవరికీ గుర్తురాని రెండోవాడే.

అది ఎలా జరిగింది? బాణీ కట్టినవాడు, మాట రాసినవాడు, గొంతు ఇచ్చినవాడు తాము చేసిన పాటకే పరాయివాళ్ళు ఎలా అయ్యారు? నూరేళ్ళ పైచిలుకు కథ ఇది. అందులో దుర్మార్గుల పాత్ర మనం అనుకునేంత లేదు. కాగితాల పాత్ర చాలా ఉంది.

ముద్ర నుంచి ప్లేటుదాకా

పాట నాదని చెప్పుకోవడం మనకి కొత్త కాదు. త్యాగయ్య చివరి చరణంలో తన పేరు పెట్టుకున్నాడు. క్షేత్రయ్య తన దేవుడి పేరు పెట్టి ఆ పదం తనదేనని తెలిసేలా చేశాడు. అన్నమయ్య కీర్తనలు రాగిరేకులకెక్కి తిరుమలలో సంకీర్తన భాండారంలో భద్రమయ్యాయి. ఈ ముద్రలన్నీ 'దీన్ని చేసింది నేను' అంటాయి గానీ, 'పాడితే నాకింత ఇవ్వాలి' అనవు. వాగ్గేయకారుడికి జరుగుబాటు రాజుగారి వల్లో, గుడి వల్లో, ఉంఛవృత్తి వల్లో, శిష్యుల వల్లో జరిగేది. పాటకి విడిగా వెల లేదు, ఎందుకంటే పాడే మనిషినుంచి దాన్ని విడదీసి అమ్మే సాధనం అప్పటికి లేదు.

ఆ సాధనం 1902లో కలకత్తా వచ్చింది. గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ వచ్చి గౌహర్ జాన్ గొంతు రికార్డు చేశాడు. ఆవిడ పాట చివర తన పేరు ఇంగ్లీషులో చెప్పేది. ప్లేట్లు అప్పట్లో జర్మనీలో అచ్చయ్యేవి కాబట్టి, అక్కడి పనివాళ్ళు ఎవరి ప్లేటో పోల్చుకోవడానికి అలా చెప్పించేవారంటారు. 1908లో కలకత్తా సియాల్దాలోనే ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత మన వైపు నాటక పద్యాలు, హరికథలు, కృతులు ప్లేట్లకెక్కి, నాటకాల కంపెనీ ఎన్నడూ రాని ఊళ్ళలో కూడా మోగాయి.

పాడినవాళ్ళకి ముట్టేది చాలావరకు ఒక్కసారి ఇచ్చే సొమ్ము. ప్లేటు పదివేలు అమ్ముడైనా, పది అమ్ముడైనా ఆ లెక్కతో వాళ్ళకి పనిలేదు. మరి ఆ పద్యం రాసిన కవి సంగతి? అప్పటి చట్టం 1914 నాటిది, ఇంగ్లండులో 1911లో చేసినదానికి నకలు. కవికి అందులో హక్కు ఉంది. అయితే హక్కు ఉండడం వేరు, అది రేపు ఎంత పలుకుతుందో తెలిసి ఉండడం వేరు.

ఈ తేడా తెలియాలంటే మద్రాసులో సుబ్రహ్మణ్య భారతి పాటలకి జరిగింది చూడాలి. భారతి 1921లో పోయాడు. ఆయన పుస్తకాలు అచ్చువేసుకుంటున్న కుటుంబం 1930లలో ఆ పాటల గ్రామఫోను హక్కుల్ని విడిగా, కొన్ని వందల రూపాయలకి, మద్రాసులో ఒక గుజరాతీ వ్యాపారికి ఇచ్చేసింది. పుస్తకం హక్కు ఒకరిది, ప్లేటు హక్కు మరొకరిది అయ్యాయి. 1940లలో ఆ ప్లేటు హక్కుల్ని ఎ.వి. మెయ్యప్పన్ ఎన్నో రెట్లు ధరపెట్టి కొని, తన సినిమాల్లో భారతి పాటలు వాడారు. తర్వాత టి.కె.ఎస్. సోదరులు తమ సినిమాలో ఒక భారతి పాట పెట్టుకుంటే ఆయన కోర్టుకెక్కారు. దేశం కోసం పాడిన కవి పాట ఒక స్టూడియో సొత్తా అని తమిళనాట ఊరూరా సభలు జరిగాయి. చివరికి 1949లో మద్రాసు ప్రభుత్వం భారతి రచనల హక్కుల్ని తీసుకుంది, మెయ్యప్పన్ తన వాటాని ఉచితంగా ఇచ్చేశారు. తర్వాత కొన్నేళ్ళకి అవి ప్రజలపరమయ్యాయి.

ఈ కథలో మెయ్యప్పన్ని దొంగ అనడానికి లేదు, డబ్బిచ్చి కొనుక్కున్నారు. మోసపోయిన కుటుంబమనీ అనలేం. ఆనాటి ధరకి అమ్ముకుంది. అమ్మేనాటికి మాట్లాడే సినిమా అంటే ఏమిటో, దానిలో పాట ఎంత పలుకుతుందో ఎవరికీ అంచనా లేదు. పాటల ఒప్పందాల్లో ఆ తర్వాత ప్రతి తరంలోనూ జరిగింది ఇదే. అమ్మేవాడికి నేటి అవసరం కనబడుతుంది, కొనేవాడికి రేపటి యంత్రం కనబడుతుంది.

పేరు కోసం, పైకం కోసం

సినిమా వచ్చాక పాటలో పొత్తుదారులు పెరిగారు. కవి, సంగీతదర్శకుడు, గాయకుడు, పదుల సంఖ్యలో వాద్యకారులు, వీళ్ళందరికీ డబ్బు పెట్టే నిర్మాత. మొదట్లో గాయకుడికి పేరు కూడా ఉండేది కాదు. 1949లో హిందీ సినిమా 'మహల్' పాట ప్లేటుమీద లతా మంగేష్కర్ పేరుకి బదులు కథలో పాత్ర పేరు 'కామిని' అని వేశారు. పాడింది ఎవరని శ్రోతలు రేడియోకి ఉత్తరాలు రాస్తే, రేడియోవాళ్ళు కంపెనీని అడిగి తెలుసుకుని చెప్పవలసివచ్చింది.

1952లో కేస్కర్ మంత్రి అయ్యాక ఆకాశవాణి సినిమా పాటల్ని తగ్గించేసిన సంగతి చాలామందికి తెలుసు. దాని వెనక ఇంకో చిన్న గొడవ ఉంది. సినిమా పేరు చెబితే ఉచితంగా ప్రచారం చేసినట్టవుతుందని, రేడియోలో గాయకుల పేరు మాత్రమే చెప్పి ఊరుకున్నారు. నిర్మాతలకి కోపమొచ్చి ప్రసార అనుమతులు వెనక్కి తీసుకున్నారు. పాట గొంతుదే అన్న మన నమ్మకానికి ఇలాంటి చిన్న చిన్న కారణాలు కూడా ఉన్నాయి.

పేరు దొరికాక పైకం సంగతి వచ్చింది. ప్లేట్లమీద రాయల్టీ గ్రామఫోను కంపెనీ నుంచి నిర్మాతకి వచ్చేది. పేరున్న కొద్దిమంది సంగీతదర్శకులు అందులో వాటా రాబట్టుకున్నారు. 1960లలో లతా మంగేష్కర్, ఆ వాటాలో గాయకులకీ భాగముండాలని పట్టుబట్టారు. మహమ్మద్ రఫీ ఒప్పుకోలేదు. పాడాం, పారితోషికం తీసుకున్నాం, అక్కడితో మన లెక్క సరి అన్నది ఆయన పక్షం. కొన్నేళ్ళపాటు ఇద్దరూ కలిసి పాడలేదు. రఫీ మంచితనం గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి ఎత్తుతుంటారు. లత డబ్బు మనిషని అనేవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం లత అడిగింది సరైన ప్రశ్న అనిపిస్తుంది. ప్లేటు అమ్ముడైనంతకాలం గొంతు పనిచేస్తూనే ఉంటుంది, కూలి మాత్రం ఒక్కపూటదే. రఫీకి ఆ ఒక్కపూట కూలి చాలు. అందరూ రఫీలు కారు కదా.

కాగితంమీద ఉంటేనే సంగీతం

1957లో స్వతంత్ర భారతం తన కాపీరైట్ చట్టం చేసుకుంది. 1958 జనవరి 21నుంచి అమల్లోకి వచ్చింది. సంగీత రచన అంటే ఏమిటో ఆ చట్టం చెప్పిన తీరు చూస్తే నవ్వొస్తుంది. అచ్చువేసిన, రాసిన, లేదా గీతల్లో పెట్టిన స్వరాల కూర్పు మాత్రమే సంగీతం! అంటే హార్మోనియం ముందేసుకుని నోటితో వరుస చెప్పి, సహాయకుడిచేత కట్టించిన పాట, ఎవరో ఒకరు దాన్ని స్వరం రాసేదాకా చట్టం దృష్టిలో పాటే కాదు. గురుముఖతః నేర్చుకునే దేశంలో ఈ నిర్వచనం 1994 దాకా, అంటే ముప్ఫయ్యారేళ్ళు బతికింది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. అదే చట్టంలో, డబ్బిచ్చి సినిమా తీయించినవాడే దానికి తొలి హక్కుదారు అని ఒక నిబంధన ఉంది. ఉద్యోగంలో భాగంగా చేసిన పని యజమానిది అని మరొకటి. రెండింటికీ ఒక తోక: 'దీనికి విరుద్ధంగా ఒప్పందం లేనప్పుడు'. అయితే సినిమాలో ఉన్న పాట, ఆ సినిమాలో భాగమా, విడిగా ఒక ఆస్తా?

ఈ ప్రశ్న కోర్టుకి రావడానికి ఒక సొసైటీ కారణమైంది. ఇలాంటి సొసైటీలు మొదలైన కథ ప్యారిస్‌లో 1847 నాటిది. ఎర్నెస్ట్ బూర్జే అనే పాటల రచయిత ఒక కేఫ్‌లో కూర్చుని ఉండగా అక్కడ ఆయన పాటే వాయిస్తున్నారట. మీరు నా పాటకి డబ్బివ్వరు కాబట్టి నేను మీ బిల్లు కట్టనన్నాడు. కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ప్రతి కేఫ్‌కీ వెళ్ళి ఒక మనిషి ఇలా పోట్లాడలేడు కాబట్టి, రచయితలందరి తరఫునా వసూలు చేసి పంచే సంఘం 1851లో పుట్టింది. మన దేశంలో ఆ పద్ధతిలో ఐపిఆర్ఎస్ 1969లో ఏర్పడింది. ఏర్పడుతూనే, బహిరంగంగా పాటలు వినిపించేవాళ్ళు ఇంతింత చెల్లించాలని రేట్ల పట్టిక ప్రకటించింది.

నిర్మాతల సంఘాలు, సినిమా హాళ్ళవాళ్ళు అభ్యంతరం చెప్పారు. మేం డబ్బిచ్చి కట్టించుకున్న పాటకి మళ్ళీ మేమే అద్దె కట్టడమేమిటన్నారు. కాపీరైట్ బోర్డు సొసైటీ వైపు, కలకత్తా హైకోర్టు నిర్మాతల వైపు చెప్పాయి. 1977 మార్చి 14న సుప్రీంకోర్టు కలకత్తా తీర్పుని నిలబెట్టింది. డబ్బిచ్చి పాట చేయించుకున్నప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు నిర్మాతే అని తేల్చింది.

ఆ తీర్పుకి జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఒక చిన్న అనుబంధం రాశారు. తీర్పుతో ఏకీభవిస్తూనే రెండు సంగతులు ఎత్తారు. ఒకటి: సినిమాని సినిమాగా ఆడించుకునే హక్కు నిర్మాతది, కానీ అందులోంచి పాటని విడిగా ఊడదీసి వినిపిస్తే సంగీతకర్త హక్కు జోలికి పోయినట్టే. రెండోది ఇంకా లోతైనది. ఈ చట్టం స్వరాల కూర్పుని కాపాడుతోంది గానీ, ఆ స్వరానికి ప్రాణం పోసే గాయకుడికి ఏమీ ఇవ్వడం లేదు. మనోధర్మం మీద బతికే మన సంగీతానికి ఇది పరాయి ఆలోచన, పార్లమెంటు పట్టించుకోవాలి అన్నారు. పార్లమెంటు పట్టించుకుని 'ప్రదర్శకుల హక్కు' అనే మాట చట్టంలో చేర్చడానికి 1994 వచ్చింది.

కృష్ణయ్యర్ మొదటి మాటని మటుకు పరిశ్రమ మర్చిపోయింది. తీర్పులో 'వేరే ఒప్పందం లేకపోతే' అన్న ముక్కనీ మర్చిపోయింది, లేదా దాన్ని బాగా గుర్తుపెట్టుకుని అలాంటి ఒప్పందం ఎన్నడూ పుట్టకుండా చూసుకుంది. వేషం కోసం, పాట కోసం మద్రాసులో మెట్లెక్కి దిగే మనిషికి అగ్రిమెంట్‌లో వాక్యం మార్చమని అడిగే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? చట్టం మౌనంగా ఉన్నచోట ఆస్తి ఎవరిదవుతుందన్నది బలవంతుడికి ముఖ్యం కాదు, అతను ఎలాగూ రాయించుకోగలడు. బలహీనుడికి ఆ మౌనమే సర్వస్వం.

అసైన్డ్ భూమి

1980లలో క్యాసెట్లొచ్చాయి. ఖాళీ క్యాసెట్టూ, పాటల చిట్టీ పట్టుకెళ్తే సాయంత్రానికి నింపి ఇచ్చే రికార్డింగ్ షాపులు ప్రతి ఊళ్ళోనూ వెలిశాయి. ఆ షాపుల్లో ఎవరి హక్కు ఎవరికి ముట్టిందన్న ప్రశ్నే లేదు. చట్టబద్ధంగా నడిచిన వ్యాపారం మరొకటుంది. అసలు రికార్డు వచ్చి కొంతకాలమైతే, నోటీసిచ్చి నిర్ణీత రాయల్టీ కట్టి, వేరే గొంతులతో అదే పాట మళ్ళీ రికార్డు చేసుకోవచ్చన్న వెసులుబాటు. గుల్షన్ కుమార్ టి-సిరీస్ ఆ దారిలో ఎదిగింది. తర్వాత టీవీ చానళ్ళు, ఎఫ్ఎం, సెల్‌ఫోన్లో కాలర్ ట్యూన్లు. ప్రతి కొత్త యంత్రానికీ పాత పాటలే మేత. 1970లలో ఇరవై ఏళ్ళ కుర్రాడు పెట్టిన సంతకం, 2005లో ఫోను మోగినప్పుడల్లా కంపెనీకి డబ్బు తెచ్చింది. ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని సాధనాల్లోనూ, విశ్వమంతటా, శాశ్వతంగా అన్న మాటలు అగ్రిమెంట్లలో మామూలైపోయాయి.

2010లో రాజ్యసభకి వచ్చిన జావేద్ అఖ్తర్ ఈ సంగతుల్ని అక్కడ గట్టిగా వినిపించారు. 2012లో చట్టం మారి, జూన్ 21నుంచి అమల్లోకి వచ్చింది. అది చేసిన పని ఏమిటో ఇంగ్లీషు వ్యాఖ్యానాల కంటే మనకి తెలిసిన ఒక పోలికతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. సుప్రీంకోర్టు పాటల తీర్పు వచ్చిన 1977లోనే ఆంధ్రప్రదేశ్‌లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. భూమిలేని పేదకి ప్రభుత్వం ఇచ్చిన పొలాన్ని అతను అమ్ముకున్నా ఆ అమ్మకం చెల్లదని అప్పట్లో ఆ చట్టం చెప్పింది. అమ్ముకునే స్వేచ్ఛ తీసేయడమేమిటని అడగొచ్చు. ఆకలిమీద ఉన్నవాడి అమ్మకం అమ్మకం కాదు అన్నదే దానికి జవాబు.

పాటలకీ సరిగ్గా అదే చేశారు. సినిమాకి పాట రాసినవాడూ, బాణీ కట్టినవాడూ తమ కాపీరైట్‌ని నిర్మాతకి అమ్ముకోవచ్చు. సినిమా హాల్లో బొమ్మతోపాటు ఆ పాట వినిపించినంతవరకు నిర్మాత ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. కానీ హాలు బయట, రేడియోలో, టీవీలో, ఫోనులో, హోటల్లో ఆ పాట సంపాదించిన రాయల్టీలో సమాన వాటా వాళ్ళకుంటుంది. ఆ వాటాని వాళ్ళు వదులుకుంటామని సంతకం పెట్టినా చెల్లదు. వారసులకో, సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. సంతకం పెట్టేనాటికి వాడుకలో లేని సాధనానికి, ఒప్పందంలో దాన్ని ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, ఆ హక్కు వర్తించదు. గాయకులకీ వాణిజ్యపరమైన వాడకంలో రాయల్టీ హక్కు వచ్చింది.

భూముల చట్టం ఉన్నంతమాత్రాన పొలాలన్నీ పేదల చేతిలోనే ఉండిపోలేదని మనకి తెలుసు. ఇక్కడా అంతే. పాత పాటలకి ఈ మార్పు ఎంతవరకు వర్తిస్తుందన్నదానిమీద వాదోపవాదాలు నడిచాయి. సొసైటీలో కంపెనీలకీ రచయితలకీ మధ్య తగాదాలు ఏళ్ళతరబడి సాగి, 2017 నవంబరులో గానీ ఐపిఆర్ఎస్ కొత్త చట్టం కింద నమోదు కాలేదు. అయినా ఒక తేడా వచ్చింది. అంతకుముందు రచయిత తన వాటా అడగడం దయ అడగడం. ఇప్పుడది బాకీ అడగడం.

ఒక పాట, మూడు గడువులు

ఈ హక్కులు ఎంతకాలం ఉంటాయో చూస్తే పాట ఒక్క ఆస్తి కాదని తెలుస్తుంది. 1957లో వచ్చిన 'మాయాబజార్'నే తీసుకుందాం. రికార్డుకి హక్కు విడుదలైననాటి నుంచి అరవయ్యేళ్ళు. చట్టం లెక్కన అది 2017తో ముగిసింది. మాటలకి, బాణీలకి మటుకు కర్త పోయాక అరవయ్యేళ్ళు. పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కాబట్టి ఆ మాటలకి 2031 చివరిదాకా, ఘంటసాల 1974లో పోయారు కాబట్టి ఆయన బాణీలకి 2034 చివరిదాకా హక్కు ఉంటుంది. ఆ సినిమాలో నాలుగు పాటల వరుసలు సాలూరి రాజేశ్వరరావువని చెబుతారు. ఆయన 1999దాకా ఉన్నారు కాబట్టి వాటికి 2059! ఈ అరవై కూడా మొదట యాభయ్యే. 1941లో పోయిన రవీంద్రుడి రచనలు విశ్వభారతి చేయి జారిపోతున్నాయని 1990ల మొదట్లో పదేళ్ళు పెంచారు. ఆ పెంపు ఠాగూరుకే కాక పింగళికీ వర్తించింది.

ఇప్పుడు బాలు-ఇళయరాజాల గొడవని ఈ వెలుగులో చూస్తే, అప్పట్లో మనం అడిగిన ప్రశ్నే సరైనది కాదేమో అనిపిస్తుంది. వేదికమీద పాడితే అనుమతి తీసుకుని చెల్లించవలసింది మామూలుగా గాయకుడు కాదు, టిక్కెట్లు అమ్ముకునే నిర్వాహకుడు. అమెరికాలో ఐతే హాలువాళ్ళో, నిర్వాహకులో అక్కడి సొసైటీలకి కడతారు. అలా కట్టినదాంట్లో బాణీకి ఎంత, మాటకి ఎంత అన్నది లెక్కల సంగతి. పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాళ్ళు వాయించుకుంటే మన చట్టం ఏమీ అడగదు. డబ్బు తీసుకోకుండా అభిరుచి కొద్దీ పాడుకునే క్లబ్బునీ అడగదు. ఎక్కడ డబ్బు చేతులు మారుతుందో అక్కడ మాత్రమే అడుగుతుంది. ఇళయరాజా అడిగింది కొత్త విషయం కాదు. అడిగింది యాభై ఏళ్ళ స్నేహితుణ్ణి కాబట్టి మనకి నొప్పి కలిగింది. తర్వాత ఇద్దరూ కలిసిపోయారు, 2020లో బాలు వెళ్ళిపోయారు.

కృష్ణయ్యర్ అడిగిన రెండో ప్రశ్న ఇంకా పూర్తిగా తేలలేదు. 2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కారు వచ్చినప్పుడు ప్రతిమలు అందుకున్నది కీరవాణి, చంద్రబోసు. అదే వేదికమీద ఆ పాట పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలు ఆ బహుమతి లెక్కలో లేరు. ఆ బహుమతి పాట కట్టినవాళ్ళకి, రాసినవాళ్ళకి మాత్రమే. అరవయ్యేళ్ళుగా అన్యాయమైపోయిన కవి పేరు ప్రపంచం వినడం సంతోషమే. గొంతుని లెక్కలో వేయని పద్ధతి మాత్రం 1957 నాటిదే.

గొంతు దాకా ఐనా వచ్చాం. పల్లవికి ముందు వచ్చే వేణువు ముక్క, రెండు చరణాల మధ్య వయొలిన్లు ఎత్తుకునే ఆ నాలుగు వరసలు గుర్తొస్తే చాలు, పాట గుర్తొస్తుంది. వాయించినవాళ్ళు ఆ పూట కూలి తీసుకుని, వాద్యం సర్దుకుని, వేరే థియేటర్లో రికార్డింగుకి వెళ్ళిపోయారు. చట్టం ప్రకారం వాళ్ళూ ప్రదర్శకులే. వాళ్ళలో ఎక్కువమంది పేర్లు ప్లేటుమీద లేవు, క్యాసెట్టు అట్టమీద లేవు, ఇప్పుడు ఫోను తెరమీద కూడా లేవు. పేరు తెలియని మనిషికి వాటా పంపడం ఏ సొసైటీకైనా కష్టమే. లతా మంగేష్కర్ కథలో లాగే ఇక్కడ కూడా ముందు పేరు కనుక్కోవాలి. పైకం సంగతి ఆ తర్వాత.